'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుడ్ ఫస్ట్ ఇష్యూ లేబుల్ గారికి,

ఓపెన్ సోర్స్ హ్యాకథాన్ నిర్వాహకుల తరఫున నమస్కారాలు.

కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో కొత్త రిపాజిటరీ, అంటే ఒక ప్రాజెక్టు కోడ్ కొట్టు, తెరవగానే వాటంతట అవే పుట్టుకొచ్చే లేబుళ్ళలో తమరూ ఒకరు. ఇష్యూ అంటే చేయాల్సిన పని రాసిన చీటీ; 'ఇది కొత్తవాళ్ళు మొదట చేయదగ్గది' అని దాని మీద అంటించేదే తమరిని. బగ్‌ది ఎరుపు, తమరిది ఊదా. మామూలు రోజుల్లో తమరిని పలకరించే నాథుడుండడు. మేం హ్యాకథాన్ తేదీ ప్రకటించామో లేదో తమరికి ఎక్కడలేని గిరాకీ వచ్చేస్తుంది. "కొత్తవాళ్ళు వస్తున్నారు, చిన్న ఇష్యూలేమైనా ఉంటే చూడండి" అని ప్రాజెక్టుల బాగోగులు చూసే మెయింటెయినర్లకు మెసేజ్ పెడతాం. పాపం వాళ్ళు పగలంతా ఉద్యోగం చేసుకుని, నిద్రకళ్ళతో ఇష్యూల జాబితా తెరిచి, టైటిల్ పొట్టిగా ఉన్న ప్రతిదానికీ తమరిని అంటించేస్తారు. టైటిల్ పొట్టిదైతే పనీ పొట్టిదేనని తమరి శాస్త్రంలో ఎక్కడో రాసి ఉండాలి.

మొన్న మా హాల్లో తమరు వెలిగిపోయిన ఇష్యూ ఒకటి చెప్తాను. "తేదీ ఒకరోజు తేడాగా చూపిస్తోంది." అంతే, కింద వివరణ ఖాళీ. ఏ పేజీలో, ఏ బ్రౌజర్‌లో అన్నది రాసినాయనకే గుర్తుండదు. దాని కింద ఏనాటిదో ఒక కామెంటు: "నేను చేస్తున్నా." ఆయన ఇంకా చేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత మావాళ్ళ క్యూ. "ప్లీజ్ అసైన్ మీ", "సర్, నాకివ్వండి", "ముందు అడిగింది నేను". చివరికి ఒక అమ్మాయి ఇవేవీ పట్టించుకోకుండా కూర్చుని సంగతి తేల్చింది. సర్వర్ తేదీని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, దాస్తోంది, బ్రౌజర్ దాన్ని లోకల్ టైమ్‌లోకి మార్చి చూపిస్తోంది, అర్ధరాత్రికి అటూ ఇటూ నమోదైనవాటికి రోజే మారిపోతోంది. మార్చాల్సింది ఒక్కటే లైను. ఆ లైను ముట్టుకుంటే రిపోర్టులు, రిమైండర్లు, పాత డేటా అన్నీ కదులుతాయి. పైగా వాటిలో ఏది సరైన తేదీ అన్నది ప్రాజెక్టువాళ్ళే ఇప్పటిదాకా తేల్చుకోలేదని సాయంత్రానికి బయటపడింది. తమరి ఫస్ట్ ఇష్యూయే ఇంత ఘనంగా ఉంటే సెకండ్ ఇష్యూ సంగతి అడిగే ధైర్యం మాకు లేదు.

అసలు ఇష్యూ దాకా వెళ్ళగలిగేది ఎంతమంది లెండి. ప్రాజెక్టును ల్యాప్‌టాప్‌లోకి దింపుకోవడానికి "మూడు కమాండ్లు కొడితే చాలు" అంటుంది దాని పరిచయ పత్రం రీడ్‌మీ. రెండోదానికే హాలంతా ఆగిపోతుంది. మామూలు వైఫై రౌటర్ ఒక నెట్‌వర్కులో పంచగలిగేది మహా అయితే 254 అడ్రసులు, ఒక్కో పరికరానికి ఒకటి. వచ్చిన ప్రతివాళ్ళూ ల్యాప్‌టాప్‌తో పాటు ఫోన్ కూడా కలుపుతారు. అడ్రసు దొరికినవాళ్ళకైనా సుఖముందా అంటే, హాలు మొత్తానికీ బయటికి కనిపించే ఇంటర్నెట్ అడ్రసు, అదే ఐపీ, ఒక్కటే. లాగిన్ లేకుండా గిట్‌హబ్ ఏపీఐని (ప్రోగ్రాములు సమాచారం అడిగే కిటికీని) అడిగితే ఒక ఐపీకి గంటకు 60 జవాబులే వస్తాయి. వందమంది ఒకేసారి ఇన్‌స్టాల్ స్క్రిప్టు నడిపితే, ఆ లెక్కలో వాళ్ళంతా తెగ ఆత్రపడుతున్న ఒకే ఒక్క మనిషి. ప్రాజెక్టులకు కావాల్సిన బయటి కోడ్, అదే డిపెండెన్సీలన్నీ, ముందే హాల్లోనే ఒక లోకల్ మిర్రర్‌లో (నకలు సర్వర్‌లో) పెట్టుకుందామని కమిటీలో ఎవరో అన్నారు. "ఈజీ ఇష్యూలే కదా, అంత సెటప్ దేనికి?" అని మిగతావాళ్ళు తేల్చేశారు. ఈజీ అన్న భరోసా ఇచ్చింది ఎవరయ్యా అంటే తమరే.

1999 జూన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు కెనడాలోని కాల్గరీలో హ్యాకథాన్ పెట్టుకున్నారు. క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్యంగా మార్చే) కోడ్ మీద అమెరికా ఎగుమతి ఆంక్షల తలనొప్పి లేకుండా పని చేసుకుందామని వచ్చినవాళ్ళు పదిమంది. అందరూ ఆ కోడ్‌తో కాపురం చేస్తున్నవాళ్ళే కాబట్టి తమరి అవసరం పడలేదు. మాకు పదిమందితో జరగదండీ. ఫొటో నిండాలి. స్పాన్సర్‌కు అంకె చూపించాలి. చూపించడానికి అన్నిటికంటే తేలికైన అంకె పుల్ రిక్వెస్టులదే, అంటే 'నా మార్పు మీ కోడ్‌లో కలుపుకోండి' అని పంపే వినతులదే.

ఆ అంకె ఎంత పని చేయగలదో లోకం 2020 అక్టోబర్‌లో చూసింది. ఏటా అక్టోబర్‌లో జరిగే ఓపెన్ సోర్స్ సంబరం హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు అన్నారు. నెల మొదలవగానే, ఎవరూ అడగని ప్రాజెక్టుల రీడ్‌మీల్లో "అమేజింగ్ ప్రాజెక్ట్" లాంటి ముక్కలు చేర్చి వరదలా పంపించారు. స్పామ్ ఏరలేక మెయింటెయినర్లు మొర్రోమన్నారు. కొద్దిరోజుల్లోనే రూలు మార్చి, మాకు ఇష్టమేనని చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. ఇంత జరిగినా మా కమిటీ మాత్రం "అత్యధిక పుల్ రిక్వెస్టుల బహుమతి" ఉండి తీరాలంటుంది. టీషర్టు బదులు హుడీ ఇస్తే సమస్య తీరిపోతుందని వాళ్ళ ఉద్దేశం.

ఆదివారం సాయంత్రం చప్పట్లు, గ్రూప్ ఫొటో. సోమవారం ఉదయం మెయింటెయినర్ ఇన్‌బాక్స్ తెరుస్తాడు. మొదటిసారి పంపినవాళ్ళ కోడ్‌కు టెస్టులు నడవాలంటే ఆయన అప్రూవ్ బటన్ నొక్కాలి. నొక్కుతాడు. టెస్టు తప్పిందని ఎర్ర గుర్తు వస్తుంది. ఓపిగ్గా "ఈ టెస్టు ఒకసారి చూస్తారా?" అని అడుగుతాడు. అవతల ఎవరూ ఉండరు, బహుమతి ప్రదానం అయిపోయింది కదా. ఇక కదలిక లేనివాటిని మూసేసే స్టేల్ బాట్ అనే ప్రోగ్రాము దిగుతుంది. దాని మామూలు సెట్టింగు ప్రకారం 60 రోజులు కదలకపోతే ఒక హెచ్చరిక, ఇంకో 7 రోజులు చూసి మూసివేత. తమరు అంటించిన ఇష్యూ మాత్రం తెరిచే ఉంటుంది, వచ్చే హ్యాకథాన్ కోసం.

కాబట్టి తమరికి కొత్త సర్వీసు రూల్సు పెడుతున్నాం. ఏ ఫైలు తెరవాలో, తప్పును ఎలా పుట్టించి చూడాలో, ఇరుక్కుంటే ఎవర్ని అడగాలో రాసి లేని ఇష్యూ మీద తమరు వాలకూడదు. అంత రాయడానికి పట్టే టైములో ఆ బగ్‌ను తనే సరిచేసుకోవచ్చని మెయింటెయినర్ అంటే, అది నిజమే, ఎదురు చెప్పకండి. అయినా రాయించండి, ఒక మనిషి తయారవుతారు. ఈసారి ఓపెన్ చేసిన పుల్ రిక్వెస్టులు కాదు, ప్రాజెక్టులో కలిసినవే, అంటే మెర్జ్ అయినవే లెక్క. బహుమతులు కూడా హాల్లో కాదు, నెల తర్వాతే. ఈ మాట వినగానే రిజిస్ట్రేషన్లు సగానికి పడిపోతాయని కమిటీ ఇప్పటికే టెన్షన్ పడుతోంది. పడనివ్వండి, వైఫై బతుకుతుంది.

ఇట్లు,
హాలు తాళాలు తిరిగి అప్పజెప్పాల్సిన నిర్వాహకుడు

తా.క.: ఈసారి ముఖ్య అతిథిగా తమరి జాబితాలోనే ఉండే తెల్లరంగు లేబుల్ వోంట్‌ఫిక్స్ ('దీన్ని సరిచేయం') గారిని పిలిచాం. ఆయన వేదికెక్కితే తమరు అంటుకున్న ఇష్యూల్లో చాలావాటికి దిక్కు దొరుకుతుందని మెయింటెయినర్లు అంటున్నారు. తమరు ఆయన పక్క కుర్చీలోనే కూర్చోవాలి. ఇబ్బందిగా ఉంటే ముందే చెప్పండి, హెల్ప్ వాంటెడ్ ('సాయం కావాలి') లేబుల్ గారిని మధ్యలో కూర్చోబెడతాం.