పటాల వెనుక ఉన్న మనుషులు
జపాన్ శాస్త్రవేత్తల ప్రత్యేక డేటాబేస్‌ల గురించి మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. వాటి బలమంతా కంప్యూటర్ల వేగంలోనే ఉందన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 1995లో క్యోటో విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త మినోరు కనెహిసా ఆరంభించిన, జన్యువులనూ జీవక్రియలనూ కలిపి చూపే డేటాబేస్ ‘కెగ్’నే తీసుకుందాం. జన్యువుల జాబితాలు వేగంగా పెరిగిపోతున్న ఆ రోజుల్లో, వాటిని కణంలో జరిగే పనులతో ముడిపెట్టడానికి ఆయన బృందం ప్రచురిత పరిశోధన పత్రాలను చదివి, జీవక్రియల పటాలను ఒక్కొక్కటిగా చేత్తో గీసింది. గ్లూకోజ్ విచ్ఛిన్నమయ్యే తీరును చూపే 00010 నంబరు పటాన్ని తెరిచి చూడండి: చిన్న వృత్తాలు రసాయనాలు, పెట్టెలు ఎంజైములు. ఒక జీవిని ఎంచుకోగానే దానిలో జన్యువు ఉన్నట్టు తేలిన పెట్టెలు ఆకుపచ్చగా మారతాయి. తెల్లగా మిగిలిన పెట్టె దగ్గరే అసలు పరిశోధన మొదలవుతుంది, ఎందుకంటే ఆ జన్యువు నిజంగానే లేదా, లేక మనమే ఇంకా గుర్తుపట్టలేదా అన్నది అక్కడ తేల్చుకోవాలి. పటాలను వెబ్‌సైట్‌లో చూసుకోవడం విద్యాసంస్థల వారికి ఇప్పటికీ ఉచితమే. సమాచారాన్ని మొత్తంగా దించుకోవడానికి మాత్రం 2011లో చందా పెట్టారు. చిన్న ప్రయోగశాలలకు అది భారమే, కాదనను. అయితే ఏళ్ల తరబడి ఈ పటాలను సరిదిద్దుతూ కూర్చునేవారికి జీతాలు ఎక్కడి నుంచి రావాలన్న విషయాన్ని కూడా వ్యాసంలో చర్చించి ఉండవలసింది.