సైన్సును పిల్లల బారి నుంచి కాపాడుకుందాం

సైన్సు మీద జనానికి ఆసక్తి తగ్గిపోతోందని ఈమధ్య పెద్దలు తెగ బెంగపడుతున్నారు. సదస్సులు పెడుతున్నారు, నివేదికలు రాస్తున్నారు, పిల్లల్లో కుతూహలం రగిలించాలని తీర్మానాలు చేస్తున్నారు. వాళ్ల ఆదుర్దా చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది. రగిలించడానికి అదేమన్నా ఆరిపోయి ఉందా? నాలుగేళ్ల పిల్లల్లో భగభగా మండుతూనే ఉంది. బడి పూర్తయ్యేలోపు దాన్ని ఆర్పడానికి ఎంతమంది ఎన్నేళ్లు చెమటోడుస్తున్నారో ఈ సదస్సులవాళ్లకు తెలిసినట్టు లేదు. అంత శ్రమనీ ఒక్క తీర్మానంతో బూడిదలో పోసిన పన్నీరు చేస్తామంటే ఎలా ఊరుకుంటాం?

సొంత ప్రశ్న ప్రమాదకరమైనది. పుస్తకంలో ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. సొంత ప్రశ్నకు ఆ సదుపాయం లేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా? చీమలు ఒకదాని వెనక ఒకటి బారుగా ఎందుకు పోతాయని ఓ పిల్ల అడిగిందనుకోండి. ముందు వెళ్లినవి వదిలిన వాసన పట్టుకుని పోతాయని చెప్పి, హమ్మయ్య అనుకుంటారు. "మరి మధ్యలో వేలితో తుడిచేస్తే?" అంటుంది. ఇక మీ ఆదివారం గల్లంతే.

ఇది ఎంతదాకా పోతుందో తెలియాలంటే ఎరాస్టో ఎంపెంబా కేసు చదవాలి. టాంజానియా కుర్రాడు. 1963లో బడిలో పిల్లలంతా ఐస్‌క్రీమ్ చేస్తున్నారు. పాలు కాచి, చక్కెర కలిపి, చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టాలి. లోపల చోటు అయిపోతోందన్న కంగారులో ఇతను వేడి పాలే పెట్టేశాడు. గంటన్నర పోయాక చూస్తే ఇతని పాలు గడ్డకట్టాయి, అసలు కాచకుండా పెట్టిన పక్క కుర్రాడివి ఇంకా కట్టలేదు. వెళ్లి మాస్టారిని అడిగాడు. "నువ్వేదో పొరపాటు పడ్డావు, అలా జరగదు" అన్నారాయన. ఎంత నీటైన జవాబు! ఖర్చు లేదు, పరికరాలతో పనిలేదు, పీరియడ్ టైముకి అయిపోయింది.

ఆ తర్వాత పై తరగతుల్లో ఇంకో మాస్టారు దీన్ని మరింత మెరుగుపరిచారు. "అది ఎంపెంబా ఫిజిక్స్, లోకంలో ఉండే ఫిజిక్స్ కాదు" అని తేల్చేశారు. అప్పట్నుంచి ఇతను లెక్క తప్పు చేసినా "ఎంపెంబా మ్యాథ్స్" అని క్లాసంతా నవ్వేదట. ఒక ప్రశ్నను ఆపడానికి ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఏముంటుంది?

అయినా ఆగలేదు. డెనిస్ ఆస్‌బర్న్ అనే యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆ బడికి ఉపన్యాసం ఇవ్వడానికి వస్తే, ఈ కుర్రాడు అందరి ముందూ లేచి మళ్లీ అదే అడిగాడు. పిల్లలు నవ్వారు. ఆ ప్రొఫెసర్‌కు కూడా లోపల నమ్మకం లేదు. కానీ నోరు మూయించే అవకాశం చేజేతులా వదులుకుని, తిరిగి వెళ్లాక తన ల్యాబ్‌లో చేయించి చూశాడు. అక్కడి టెక్నీషియన్ వచ్చి, వేడి నీళ్లే ముందు గడ్డకట్టాయని చెప్పి, "సరైన ఫలితం వచ్చేదాకా చేస్తూనే ఉంటాం" అని హామీ కూడా ఇచ్చాడు. ఈ కథ మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆయనే. 1969లో ప్రొఫెసరూ కుర్రాడూ కలిసి పేపరే వేశారు. పోనీ అంతటితో పోయిందా అంటే లేదు. 2016లో ఇద్దరు శాస్త్రవేత్తలు జాగ్రత్తగా కొలిచి, అలాంటి ప్రభావానికి ఆధారం లేదన్నారు. ఉందనేవాళ్లు ఉందంటూనే ఉన్నారు. మొదటి మాస్టారి మాట విని బుద్ధిగా ఊరుకుని ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేదా?

ఈ బెడదకు మనం కనిపెట్టిన మంచి విరుగుడు సైన్స్ ఎగ్జిబిషన్. థర్మోకోల్ అగ్నిపర్వతం, అందులో వెనిగర్, సోడా. ఏం జరుగుతుందో పిల్లవాడికి తెలుసు, టీచరుకు తెలుసు, చూడటానికి వచ్చిన ముఖ్య అతిథికీ తెలుసు. నురగ పొంగగానే ముగ్గురూ ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యాన్ని ఫొటో తీస్తారు.

ఇంత చక్కటి వేదికను కూడా దుర్వినియోగం చేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల తన బడి ఎగ్జిబిషన్ కోసం ఏకంగా ఒక వైద్యం మీదే పడింది. చేతులు తగలకుండా రోగి ఒంటి మీదుగా ఆడించి, అక్కడి శక్తిని పసిగట్టి నయం చేస్తామనే వైద్యం అది. ఈ పిల్ల ఓ అట్ట తెర నిలబెట్టి, అడుగున రెండు కన్నాలు చేసింది. అవతల కూర్చున్న ఆ వైద్యం చేసేవాళ్లు అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ ఇవతలికి చాపాలి. తను నాణెం ఎగరేసి, కుడో ఎడమో తేల్చుకుని, ఆ చేతి మీద తన చెయ్యి తాకకుండా ఉంచి "ఏ చేతి మీద?" అని అడుగుతుంది. అంతే ప్రయోగం. మొత్తం 21 మందిని 280 సార్లు అడిగితే సరిగ్గా చెప్పింది 44 శాతం. కళ్లు మూసుకుని ఊహించినా సగం తగలాలి. 1998లో ఇది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చయ్యే నాటికి ఆ పిల్లకు పదకొండేళ్లు. అగ్నిపర్వతం చేసుకుని ఉంటే ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు.

ఇంగ్లండ్‌లో బ్లాకాటన్ అనే పల్లె బడి పిల్లలు ఇంకా తెగించారు. ఎనిమిది నుంచి పదేళ్ల వయసున్న పాతికమంది, తుమ్మెద జాతి బంబుల్ బీలకు రంగుల అమరిక గుర్తుంటుందా అని అడిగారు. రంగు వలయాల్లో కొన్నింటిలో చక్కెర నీళ్లు, కొన్నింటిలో ఉప్పునీళ్లు పెట్టి, అవి దేని మీద వాలతాయో చూశారు. ఏది ఏదో గుర్తుపట్టడానికి వాటి ఒంటి మీద రంగు చుక్కలు పెట్టారు. అవి కుదురుగా ఉండాలి కదా, అందుకని ముందు ఫ్రిజ్‌లో ఉంచి మత్తెక్కించారు. 2010లో రాయల్ సొసైటీ వారి పత్రికలో వచ్చిన ఆ పేపర్ "అనగనగా" అని మొదలవుతుంది. బొమ్మలు రంగు పెన్సిళ్లతో గీసినవి. పాత పరిశోధనల ప్రస్తావన ఒక్కటీ లేదు. ఇన్ని లోపాల మధ్య, అంతకుముందు ఎవరికీ తెలియని సంగతి ఒకటి అందులో ఉందనేది చిన్న విషయం.

పెద్దవాళ్లతో ఇంత ఇబ్బంది లేదు. విశ్వంలో నక్షత్రాల సంఖ్యకు ఎన్ని సున్నాలో పెద్ద తెర మీద చూపిస్తే చాలు, అబ్బా అనుకుని ఇంటికి పోతారు. చివర్లో ప్రశ్నలకు సమయం ఉంటుందని ముందే చెప్పాలి, చివర్లో సమయం లేదని చెప్పాలి.

ఈ మెళకువ ఫారడేకు తెలియలేదు పాపం. పుస్తకాలు బైండింగ్ చేస్తూ, చేస్తున్న పుస్తకాలనే చదివి సైంటిస్టయిన మనిషి, అక్కడే తేడా వచ్చింది. లండన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి పట్టుకుని ఆరు ఉపన్యాసాలు లాగించాడు. కొవ్వొత్తి ఆర్పగానే ఒత్తి మీంచి తెల్లటి పొగ సన్నగా లేస్తుంది. ఆ పొగకు, ఒత్తికి కాస్త ఎత్తులోనే, మండుతున్న పుల్ల తగిలిస్తే మంట పొగ వెంట కిందికి దిగి ఒత్తిని మళ్లీ అంటించేస్తుంది. మండేది ఆవిరైన మైనమని అలా చూపించాడు. ఎవరైనా ఇంటికెళ్లి చేసుకోగలరు, అదే ఇందులో లోపం. అలా చేసినవాడు అంతటితో ఆగడు. ఎంత ఎత్తుదాకా అంటుకుంటుందో చూడాలంటాడు.

అందుచేత కుతూహల వారోత్సవాలు పెట్టదలచినవాళ్లకు నాదొక మనవి. వక్తలు, బ్యానర్లు, సెల్ఫీ పాయింట్లు, ఎన్నయినా పెట్టుకోండి. దరఖాస్తు ఫారంలో మాత్రం "నీ ప్రశ్న ఏమిటి?" అనే గడి ఉంటే కొట్టేయండి. మిగిలిన చోటు తల్లిదండ్రుల సంతకానికి ఇవ్వండి. మోడల్ చేసేది ఎటూ వాళ్లే.