కుక్క మూత్రంలో కార్టిసాల్: ‘లేదు’ అన్నప్పుడే నమ్మదగిన పరీక్ష

పదేళ్లు నిండిన కుక్క పొద్దస్తమానం నీళ్లు తాగుతూ, రాత్రి ఇల్లంతా తడుపుతూ, పొట్ట జారి, వీపు మీది వెంట్రుకలు ఊడిపోతుంటే ముసలితనమని సరిపెట్టుకునే ఇళ్లు హనుమకొండ, కాజీపేటల్లో తక్కువేమీ కాదు. అది కుషింగ్స్ వ్యాధి, అంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను శరీరంలో అతిగా ఊరడం కావచ్చు. ఈ అనుమానం వచ్చినప్పుడు సూది పోటు లేకుండా చేయగలిగినది మూత్ర పరీక్ష.

రక్తంలో కార్టిసాల్ గంటగంటకూ మారుతుంది; రాత్రంతా మూత్రాశయంలో చేరిన మూత్రం ఆ గంటలన్నిటి సగటును చెబుతుంది. నీళ్లెక్కువ తాగిన కుక్క మూత్రం పలచబడుతుంది గనుక, కండరాల నుంచి దాదాపు ఒకే తీరున వచ్చే వ్యర్థ పదార్థమైన క్రియాటినిన్‌తో పోల్చి నిష్పత్తి కడతారు.

చిక్కంతా మూత్రం పట్టే చోటే ఉంది. మా స్పిట్జ్‌ను ఆటోలో ఎక్కించి క్లినిక్‌కు తీసుకెళ్తే, అది బల్ల మీద వణుకుతుండగానే మూత్రం తీశారు. నిష్పత్తి ఎక్కువ వచ్చింది, జబ్బు ఖాయమన్నారు. భయపడిన కుక్కలో కార్టిసాల్ పెరగడం సహజం. కొన్ని రోజుల తర్వాత తెల్లవారుజామున పెరట్లో అది కాలెత్తగానే పొడుగు కాడ గరిటె కింద పెట్టి, పట్టిన మూత్రాన్ని సీసాలో పోసి పంపితే ఫలితం మామూలుగానే వచ్చింది. క్లినిక్‌కు వెళ్లొచ్చాక కనీసం 2 రోజులు ఆగి ఇంట్లోనే పట్టాలన్న ఒక్క మాట మాకు ముందే చెప్పి ఉండాల్సింది.

కుషింగ్స్ ఉన్న కుక్కల్లో అత్యధికం ఈ పరీక్షలో దొరికిపోతాయి; కానీ మధుమేహం, మూత్రపిండాల జబ్బు, మరే తీవ్రమైన అనారోగ్యం ఉన్నా నిష్పత్తి పెరుగుతుంది. అందుకే ఎక్కువ వస్తే, ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కార్టిసాల్‌ను అణిచే డెక్సామెథసోన్ అనే మందు ఇచ్చి చేసే రక్త పరీక్షతో నిర్ధారించాలి: మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక 4 గంటలకు, 8 గంటలకు రక్తం తీయాలి. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో కుక్కను తెచ్చేవారికి అది ఒక రోజు కూలి. ఇంటి దగ్గర పట్టిన మూత్రంలో నిష్పత్తి మామూలుగా ఉంటే చాలామందికి ఆ ప్రయాణం తప్పుతుంది. నా దృష్టిలో ఈ పరీక్ష అసలు విలువ అదే.

ఒక్క మినహాయింపు ఉంది. దురదకని నెలల తరబడి ప్రెడ్నిసలోన్ అనే, కార్టిసాల్‌లా పనిచేసే స్టిరాయిడ్ మాత్రలు మింగిన కుక్క అచ్చం కుషింగ్స్ కుక్కలాగే కనిపిస్తుంది. దాని సొంత గ్రంథులు మాత్రం కార్టిసాల్ చేయడం తగ్గిస్తాయి. అప్పుడు మూత్ర ఫలితం ఎటైనా తప్పుదారి పట్టించవచ్చు. చెవి చుక్కలు, పూత మందులతో సహా వాడినవన్నీ యజమాని డాక్టరుకు చెప్పాలి. తనంతట తాను మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే కుక్క ప్రాణానికే ముప్పు.

మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది. నీళ్లెక్కువ తాగుతోందని కుక్కను తెచ్చినవారి చేతికి ఒక శుభ్రమైన సీసా, ఎప్పుడు ఎలా పట్టాలో తెలుగులో రాసిన నాలుగు వాక్యాల చీటీ ఇచ్చి పంపడం ఇక్కడి ప్రతి క్లినిక్‌కూ సాధ్యమే.