సవరణ: వార్నింగ్ వస్తే సున్నా పెట్టడం గురించి

సీ ప్రోగ్రామ్‌లో 'విలువ ఇవ్వని వేరియబుల్' అని జీసీసీ (సీ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) హెచ్చరిస్తే సున్నా పెట్టేయమని మొన్న రాసినదానికి ఈ సవరణ. ముందు కోడ్ ఏ దారిలో వెళ్తే వేరియబుల్‌కి విలువ అందడం లేదో వెతకాలి. కావలి దగ్గర రొయ్యల చెరువులో ఆక్సిజన్ చూసే ప్రోగ్రామ్ అనుకోండి. సెన్సర్ పలకనప్పుడు రీడింగ్‌లో మనం పెట్టిన సున్నాయే ఉండిపోతే, నీళ్లలో ఆక్సిజనే లేదన్నట్టు గాలి ఎక్కించే ఏరేటర్లన్నీ తిరుగుతాయి. తెగిన వైరు సంగతి ఎవరికీ తెలియదు, కరెంటు బిల్లు రైతు మీద పడుతుంది. అక్కడ కావలసింది సెన్సర్ పలకలేదని చెప్పే ఎల్స్ భాగం, అంటే షరతు నెరవేరనప్పుడు నడిచే కోడ్.

జీసీసీకి ఓ2 (కోడ్‌ని వేగంగా నడిచేలా మెరుగుపరిచే ఆప్టిమైజేషన్ ఆప్షన్) పెడితేనే ఈ వార్నింగ్ వస్తోందని ఒంగోలు విద్యార్థి ఒకరు అడిగారు. 'మేబీ అన్‌ఇనిషియలైజ్డ్' (విలువ అందకపోయి ఉండొచ్చు) అనే పరిశీలన ఆప్టిమైజేషన్ మీద ఆధారపడుతుంది. అది లేకుండా వార్నింగ్ రాలేదంటే కోడ్ బాగున్నట్టు కాదు. స్టాటిక్ వేరియబుల్స్‌కి (ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండేవాటికి) ఈ బెడద లేదు, అవి సున్నాతోనే మొదలవుతాయి.