ముందు డిస్కంలు లెక్క చెప్పాలి

గోడకున్న పాత మీటరు ఊడదీసి, వాడకం లెక్కను నేరుగా డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) పంపే స్మార్ట్ మీటరు బిగించడానికి పట్టుమని పది నిమిషాలు పట్టదు. అడగకుండానే మార్చేస్తున్నారని ఊరూరా గొడవలు జరిగాక, ప్రజల అంగీకారం లేనిదే ఇళ్లకు పెట్టబోమని ఆంధ్రప్రదేశ్ విద్యుత్ శాఖ మంత్రి గొట్టిపాటి రవికుమార్ 2025 జులైలో ప్రకటించారు. అంగీకారం అడగాలన్న ఇంగితం జనం రోడ్డెక్కితే తప్ప కలగకపోవడమే అసలు జబ్బు. ఇంటి గుట్టు పావుగంటకోసారి చెప్పే యంత్రాన్ని గుమ్మం పక్కన పెడుతూ, తన గుట్టు మాత్రం విప్పని వ్యవస్థను జనం ఎలా నమ్ముతారు?

బకాయిలు పేరుకుపోతున్నాయని, కరెంటు చౌర్యం ఆగాలంటే ఇదొక్కటే మార్గమని అధికారులు అంటున్నారు. అందులో కొంత నిజముంది. స్మార్ట్ మీటరు అక్కరలేదని మేమూ అనడం లేదు. సౌర, పవన విద్యుత్తు మీద నడిచే రేపటి గ్రిడ్డుకు కంప్యూటర్లు, సమాచార వ్యవస్థలే నాడీమండలం. వాటిని ఆ పనికి వాడకపోవడమే మా అభ్యంతరం.

దేశంలో గ్రిడ్ నిర్వాహకులు రోజును 96 పావుగంటలుగా విడగొట్టి లెక్క చూస్తారు. ఏ పావుగంటలో ఎంత కరెంటు వస్తుంది, ఎంత ఖర్చవుతుంది అన్నదే ఆ లెక్క. మిట్టమధ్యాహ్నం సోలార్ పొంగిపొర్లుతుంది, కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ధర పడిపోతుంది. పొద్దుగూకేసరికి ప్యానెళ్లు పడుకుంటాయి, ఇళ్లలో లైట్లు, ఏసీలు లేస్తాయి. యూనిట్ ధర గరిష్ఠ పరిమితి రూ.10 దాకా ఎగబాకే రోజులుంటాయి. ఆ వేళ ఎక్కువగా బొగ్గే దిక్కు. సాయంత్రపు భారంలో కొంత మధ్యాహ్నానికి జరపగలిగితే బొగ్గు మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది. అపార్టుమెంటు వాచ్‌మన్‌నే తీసుకోండి. రోజూ సాయంత్రం ఆరున్నరకు సంపు మోటారు వేస్తాడు. అదే మోటారు పదకొండింటికి వేస్తే ట్యాంకు నిండదా? కానీ ఆ సంగతి అతనికి చెప్పిన నాథుడు లేడు. చెప్పినా అసోసియేషన్‌కు పైసా కలిసిరాదు. సోలార్ వేళల్లో ధర కనీసం ఇరవై శాతం తగ్గాలని, 2025 ఏప్రిల్ 1 నుంచి వ్యవసాయం మినహా అందరికీ ఇది వర్తించాలని కేంద్రం 2023 జూన్‌లో నిబంధన తెచ్చింది. మన ఇళ్ల బిల్లు ఇప్పటికీ శ్లాబుల చుట్టూనే తిరుగుతోంది. మధ్యాహ్నం కరెంటు చవక అన్న లెక్క డిస్కంకు తెలుసు. మనకెందుకు చెప్పదు?

ఇక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు రండి. నాట్ల కాలంలో మోటార్లన్నీ ఒక్కసారి లేచేసరికి పొలం గట్టున ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది. నూనె కారుతుంది. ఒక రాత్రి 'ఢాం' అని శబ్దం, ఆపైన చీకటి. తెల్లారి రైతులు తలా ఇంత వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని, కాలిపోయిన దాన్ని దింపి మరమ్మతు కేంద్రానికి మోసుకుపోతారు. వచ్చేదాకా మడి బీటలు వారుతుంది. దాని మీద ఎంత భారం పడుతోందో, ఎంత వేడెక్కుతోందో ముందే చెప్పే పరికరాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫీడర్లకు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లకు), ట్రాన్స్‌ఫార్మర్లకు సమాచారం పంపే మీటర్లు పెట్టాలని 2021లో మొదలైన కేంద్ర పథకమే చెబుతోంది. నష్టాలు ఎక్కడ జరుగుతున్నాయో తేలేది కూడా అక్కడే. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లిన కరెంటు, దాని కింది ఇళ్లు కాల్చిన కరెంటు పక్కపక్కన పెట్టి చూస్తే దొంగతనమో, తుప్పు పట్టిన తీగో ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద వెతకాలో తెలిసిపోతుంది. ఇంటింటి లెక్క పావుగంటకోసారి కావాల్సినవారికి వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ లెక్క జనం ముందు పెట్టడానికి చేతులెందుకు రావు?

ఎందుకు రావో పథకం డబ్బు ఎటు పారుతోందో చూస్తే తెలుస్తుంది. రూ.3 లక్షల కోట్లకు పైబడిన ఆ పథకంలో వినియోగదారుల మీటరుకు సాధారణ రాష్ట్రాలకిచ్చే గ్రాంటు రూ.900 లేదా ఖర్చులో 15 శాతం, ఏది తక్కువైతే అది. అదీ ప్రీపెయిడ్ పద్ధతిలో నడిపితేనే. మధ్యాహ్నపు సోలార్ ఎంత వాడించారు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని కాలకుండా కాపాడారు అన్నది ఆ షరతులో లేదు. ముందు డబ్బు కట్టించుకోవడం, అయిపోతే ఆఫీసులో కూర్చుని మీట నొక్కి కనెక్షన్ తీసేయడం, ఈ రెండు పనులకే తెలివి అబ్బిన మీటరు ఇది. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రీపెయిడ్‌కు సిద్ధపడినవారి దగ్గర డిపాజిట్ తీసుకోరాదని చెప్పింది. అంటే అది వినియోగదారు ఇష్టమనే కదా! 25 కోట్ల మీటర్లను 2025 మార్చికల్లా బిగిస్తామన్నారు. అప్పటికి అందులో అయిదో వంతు కూడా కాలేదు. జనం సందేహాలకు జవాబివ్వకుండా పరుగు తీస్తే జరిగేది ఇదే.

మన పార్టీలు ఈ విషయంలో ఒకదాన్ని మించి ఒకటి. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అర శాతం అదనపు అప్పు కోసం సంస్కరణల షరతులకు ఒప్పుకొని పంపుసెట్లకు మీటర్లన్న జగన్ ప్రభుత్వం ఒకటి. నాడు మీటర్లు పగలగొట్టమని పిలుపునిచ్చి, గద్దెనెక్కాక అవే మీటర్లు బిగించడం మొదలుపెట్టిన తెలుగుదేశం పక్షం ఇంకొకటి. తెలంగాణలో పంపుసెట్లకు మీటర్లు పెట్టేది లేదని నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ భీష్మించారు. మీటరు ఎవరి మేలు కోసమన్న ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకో సంగతి. ఇంట్లో ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు పడుకుంటారు, ఎన్నాళ్లు తాళం వేసి ఊరెళ్లారు అన్నీ స్మార్ట్ మీటరు లెక్కలో తెలిసిపోతాయి. ఈ కారణంతోనే 2009లో నెదర్లాండ్స్ ఎగువసభ తప్పనిసరి స్మార్ట్ మీటర్ల బిల్లును అడ్డుకుంది. వద్దనే హక్కు పౌరుడికి ఇచ్చాకే చట్టం ముందుకు కదిలింది. ఇక్కడ మీటరు బిగించేది, ఏళ్ల తరబడి నడిపేది, నెలకింతని అద్దె తీసుకునేది ప్రైవేటు గుత్తేదారు. మన ఇంటి లెక్క అతని దగ్గర ఎన్నాళ్లుంటుంది, ఎవరి చేతికి పోతుంది? తెలుగులో రాసిన ఒక్క కాగితమైనా ఏ గుమ్మంలో ఇచ్చారో చూపించండి.

మీటరు మీద అనుమానం ఉందని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు సరిచూడాలని 2024 ఫిబ్రవరిలో నిబంధన వచ్చింది. ఈ హక్కు ఉందని బిల్లు వెనకాల అచ్చువేయడానికి ఖర్చెంత? ప్రీపెయిడ్ అంత మంచిదైతే బిల్లులు ఎగ్గొడుతున్న ప్రభుత్వ కార్యాలయాలతో మొదలుపెట్టండి. కలెక్టరేట్‌లో బ్యాలెన్సు అయిపోయి ఫ్యాను ఆగితే అప్పుడు మాట్లాడదాం. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెట్టి, దాని భారం, దాని నష్టం, అది కాలిపోయిన తేదీ ఊరి సచివాలయం గోడ మీద నెలనెలా అతికించండి. మధ్యాహ్నపు చవక ధర బిల్లులో చూపించండి. ఇవేవీ చేయకుండా స్క్రూడ్రైవరు పట్టుకుని మళ్లీ గుమ్మం ఎక్కే అర్హత డిస్కంలకు లేదు.