అరుదైన వ్యాధి ఉన్న బిడ్డపై చిత్రం తీసేవారు ఎటు చూడాలి?

అరుదైన వ్యాధితో బతుకుతున్న పిల్లలపై మన భాషలో వచ్చే టీవీ కథనాలు, యూట్యూబ్ డాక్యుమెంటరీలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. మొదట బిడ్డ సన్నబడిన కాళ్లు, తర్వాత తల్లి కన్నీళ్లు, ఆపైన ‘రూ.16 కోట్ల ఇంజెక్షన్’ అనే మాట, చివర బ్యాంకు ఖాతా నంబరు. ఇటువంటి కథనాల వల్ల కొందరు పిల్లలకు నిజంగానే డబ్బు అందింది కాబట్టి వీటిని తేలిగ్గా తీసిపారేయలేము. అయితే కోనసీమలోని ఒక లంక గ్రామంలో కండరాలు క్రమంగా బలహీనపడే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే ఎస్ఎంఏ ఉన్న బిడ్డ గురించి ఎవరైనా గంటసేపటి చిత్రం తీయదలిస్తే, ఆ గంటలో ఎక్కువ భాగం ఆ బిడ్డ చుట్టూ మనుషులు చేసిన, చేయకుండా వదిలేసిన ఏర్పాట్ల మీద గడపాలన్నది నా వాదన.

అమెరికాలో శామ్ బర్న్స్ అనే బాలుడు ప్రొజీరియాతో జీవించాడు. చిన్న వయసులోనే వృద్ధాప్య లక్షణాలు తెచ్చే ఆ వ్యాధితో అతడు గడిపిన జీవితంపై 2013లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అదే ఏడాది చేసిన ఒక ప్రసంగంలో అతడు తన బడి బ్యాండులో డ్రమ్ము వాయించాలని పట్టుబట్టిన సంగతి చెప్పాడు. డ్రమ్మూ, దాన్ని ఒంటికి కట్టుకునే చట్రమూ కలిసి సుమారు 18 కిలోలుంటే, అతడి బరువు 23 కిలోలు. కుటుంబం ఒక ఇంజనీరు సాయంతో 3 కిలోల లోపు బరువుండేలా దాన్ని మళ్లీ తయారు చేయించింది, అతడు బ్యాండుతో కలిసి నడిచాడు. 2014 జనవరిలో, 17 ఏళ్ల వయసులో మరణించాడు. వ్యాధిని ఎవరూ నయం చేయలేకపోయారు గానీ డ్రమ్ము బరువు తగ్గించగలిగారు. మన కథనాలలో ఈ రెండో రకం పని దాదాపు కనిపించదు.

ఎస్ఎంఏలో లోపం ఎస్ఎంఎన్1 అనే జన్యువులో ఉంటుంది. వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. బిడ్డ తెలివితేటలకు మాత్రం ఏ లోటూ ఉండదు, చుట్టూ జరిగే మాటలన్నీ అర్థమవుతూనే ఉంటాయి. సాధారణంగా తల్లీ తండ్రీ ఇద్దరూ లోపమున్న జన్యువును మోస్తున్నప్పుడే ఈ వ్యాధి వస్తుంది, అప్పుడు ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికంలో ఇద్దరూ ఆ జన్యువును మోసే అవకాశం పెరుగుతుందన్నది నిజమే అయినా, ఏ చుట్టరికమూ లేని దంపతులకూ ఈ బిడ్డలు పుడుతున్నారు. ఇంత జరిగినా ఇళ్లలో నింద కోడలి మీదే పడుతుంది. ఆమె ఏడుపును దగ్గరగా చూపించి, లోపం ఇద్దరి నుంచీ వస్తుందన్న ఈ ఒక్క వాక్యం చెప్పకుండా ముగిసే చిత్రం ఆమెకు అన్యాయమే చేస్తుంది.

ఇక డబ్బు సంగతి. దీన్ని లెక్కతో సహా చూపించాలి. రోజూ నోటి ద్వారా ఇచ్చే రిస్డిప్లామ్ అనే ఎస్ఎంఏ మందు 2025 వరకు మన దేశంలో సీసా సుమారు రూ.6 లక్షలు. పేటెంటు వివాదంలో, నాట్కో కంపెనీ ఆ మందును అమ్మకుండా ఆపాలని దాన్ని తయారుచేసే రోష్ కంపెనీ కోరిన నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు 2025లో ఇవ్వలేదు, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఆ అక్టోబరులోనే హైదరాబాదుకు చెందిన నాట్కో అదే మందును సీసా రూ.15,900కు తెచ్చింది. బరువు 20 కిలోలు దాటిన బిడ్డకు ఒక సీసా 12 రోజులు వస్తుంది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది, 2022 నుంచి దాని కింద ఒక్కో రోగికి రూ.50 లక్షల వరకు సాయం అందించవచ్చు. పాత ధరకు ఆ సొమ్ము 100 రోజులకు మందు కొనేది. కొత్త ధరకు పదేళ్లు దాటుతుంది. విధి రాత అనుకున్నదానిలో ఎంత భాగం కేవలం ధర రాతో ఈ లెక్క చెబుతోంది. అయినా ఆ సాయం లేని ఇంటికి నెలకు దాదాపు రూ.40 వేలు కావాలి, కౌలు రైతుకో కొబ్బరి దింపు కార్మికుడికో అది ఇప్పటికీ అందని మొత్తమే. ఈ అంకెలు తెర మీద నెమ్మదిగా, తెలుగులో కనిపించాలి.

సాయానికి దరఖాస్తు కేంద్రం గుర్తించిన ఆసుపత్రుల ద్వారానే వెళ్లాలి. మొదటి జాబితాలో మనకు దగ్గరగా ఉన్నది హైదరాబాదులోని నిమ్స్, అమలాపురం నుంచి 400 కిలోమీటర్లకు పైగా దూరం. కూర్చోలేని బిడ్డను ఎత్తుకుని రేవులో పడవ ఎక్కి, ఆటోలో బస్టాండుకు చేరి, రాత్రంతా ప్రయాణించి ఓపీ వరుసలో నిలబడటం ఒక పూర్తి అధ్యాయానికి సరిపోయే విషయం.

బిడ్డ అనుమతి గురించి మనవాళ్లు దాదాపు ఆలోచించరు. తల్లిదండ్రుల సంతకంతో పని అయిపోయిందనుకుంటారు. ముఖం మసకబరిచినా డెల్టా పల్లెల్లో ప్రయోజనం ఉండదు, ఇంటి పేరు చెప్పనక్కర లేకుండానే అరుగు చూసి ఫలానా వారి మనవడని గుర్తుపడతారు. ఐదేళ్ల వయసులో ఏడుస్తూ తీసిన దృశ్యం పదిహేనేళ్ల వయసులో తోటి విద్యార్థుల ఫోన్లలో తిరుగుతుంది. అందుకే తనకు ఇష్టం లేని దృశ్యాన్ని తీసేయమని అడిగే హక్కు ఆ బిడ్డకు ఉండాలి, పెద్దయ్యాక కూడా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, డెల్టాలో తీసే చిత్రం వర్షాకాలం వరకు ఆగాలి. నీటితో కలిపిన రిస్డిప్లామ్ ద్రావణాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలకు రాకపోకలు తెగిపోయాయి. అటువంటి రోజుల్లో కరెంటు పోతే సీసా ఎక్కడ ఉంచాలి, నడవలేని బిడ్డను ఎవరు మోయాలి అన్నది కుటుంబం ఒక్కటే తేల్చుకోగల విషయం కాదు. చిత్ర బృందం వరదకు ముందే కెమెరాతో తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి, చల్లగా ఉంచాల్సిన మందులు వాడే పిల్లల పేర్లు మండల వరద ప్రణాళికలో ఉన్నాయా, నీరు పెరిగిన రోజున వారి ఇళ్లకు మొదటి పడవను పంపే బాధ్యత ఎవరిది అని అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్లు చూపించాలి.