వారసుడి పీపా

డెర్బీలో ఉండే మా అక్కకు కొడుకు పుట్టాడు. బారసాల మన పద్ధతిలో జరిగింది. ఆ మర్నాటి నుంచే మా బావ ఇంగ్లండు పద్ధతి మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఆ దేశపు పెద్ద కుటుంబాల్లో వారసుడు పుట్టగానే ఏల్ అనే బీరును గట్టిగా కాచి పీపాలో దాచేవారట, వాడికి 21 నిండిన రోజున తెరిచేవారట. ఆ కోవకు చెందిన గట్టి బీరే బార్లీ వైన్. మామూలు బీరుకు రెండింతలు మత్తు. పావుగంట రైలు ప్రయాణం దూరంలో ఉన్న బర్టన్‌లో బాస్ కంపెనీ 'నంబర్ వన్' పేరుతో దీన్నే కాచి ప్రసిద్ధికెక్కింది. ఇంత దగ్గర కాపురముండి కాచకపోతే ఆ ఊరికే అవమానమని బావ వాదన.

చిక్కల్లా మా నాన్నతోనే. మనవడిని చూడటానికి అనంతపురం నుంచి వచ్చి అప్పుడే అక్కడ దిగారు. అల్లుడు టీ తప్ప మరేదీ ముట్టడని ఆయన నమ్మకం. కాబట్టి వంటింట్లో ఎనిమిది కిలోల మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, 67 డిగ్రీల వేడినీళ్ళలో నానుతుంటే, "బాలింతకు బార్లీ జావ మంచిది మామయ్యగారూ" అన్నాడు బావ. ఒక్క బాలింతకు ఎనిమిది కిలోలా అని ఆయన అడగలేదు. ఆయన చూపు గట్టు మీది చిన్న పొట్లం మీద ఉంది.

"ఇది జిప్సం కదా అల్లుడుగారూ?"

బర్టన్ నీళ్ళలో సహజంగానే జిప్సం ఎక్కువ. ఆ నీటితోనే ఆ ఊరి ఏల్‌కు పేరు వచ్చింది. కుళాయి నీళ్ళకు ఆ గుణం తేవాలని బావ చెంచాడు కలుపుతున్నాడు. మా నాన్న నలభై ఏళ్ళు వేరుశనగకు జిప్సం చల్లిన మనిషి. ఆయన ముందు పొట్లం దాచడం అయ్యే పని కాదు.

"మేం ఊడలు దిగేటప్పుడు వేస్తాం. జావకు ఎప్పుడు వేస్తారు?"

బావ జవాబు చెప్పకుండా గరిటె తిప్పాడు. ఏ మాటకామాటే, బొంకడం రాని మనిషి.

పాతకాలపు పద్ధతిలో మాల్ట్ నుంచి మొదట దిగే చిక్కటి రసం గట్టి ఏల్‌కు, అదే పిప్పి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే వచ్చే పలచటి రసం మత్తు తక్కువుండే చిన్న బీరుకు. బావ రెండూ తీశాడు. చిక్కటి రసాన్ని చేదు కోసం గోల్డింగ్స్ రకం హాప్స్ పూలు వేసి గంటల తరబడి మరిగించాడు. అక్క బిడ్డను ఎత్తుకుని పడకగదిలో తలుపేసుకుంది. మిగిలిన పన్నెండు లీటర్లను పదిహేను లీటర్ల బకెట్‌లో పోసి, ఈస్ట్ చల్లి, మూతకు లోపలి గాలిని బయటికి వదిలే ఎయిర్‌లాక్ బిగించి, నాన్న పడుకునే గది పక్కన పెట్టాడు. ఇంత తీపి రసంలో ఈస్ట్ పూనకం వచ్చినట్టు ఊగుతుందనీ, నురగకు మూడు లీటర్ల జాగా చాలదనీ పుస్తకంలో ఉందట. ఆ పేజీ దాకా బావ రాలేదు.

మర్నాటి అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు. హాప్స్ ముక్కలు ఎయిర్‌లాక్ సన్నటి రంధ్రానికి అడ్డుపడ్డాయి. గాలి పోయే దారి లేక మూత లేచి సీలింగుకు కొట్టుకుంది. గోధుమరంగు నురగ గోడలు దిగుతోంది. బిడ్డ కెవ్వుమన్నాడు. లుంగీ బిగించుకుంటూ వచ్చిన నాన్న ఒకసారి వాసన చూసి, "జావ పులిసింది" అన్నారు.

బావ ఇక తెగించాడు. ఇంట్లో కాచడానికి ఈ దేశంలో లైసెన్సు అక్కర్లేదనీ, 1963లోనే ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఎత్తేశాడనీ నురగ తుడుస్తూనే విన్నవించాడు. రాత్రి రెండింటికి మామగారి ముందు ఆ దేశపు బడ్జెట్‌ను ఎవరూ అంత భక్తితో తలుచుకుని ఉండరు.

నాన్న వినడం లేదు. తోటలో నీళ్ళు పట్టే లావుపాటి పైపు ముక్క కోయించి, శుభ్రంగా కడిగించి, ఒక కొస మూతకు, ఇంకో కొస నీళ్ళ గిన్నెలోకి పెట్టించారు. బుడగలు బుడబుడమంటూ నీళ్ళలోకి పోసాగాయి. పుస్తకంలోనూ ఇదే ఉపాయం ఉందట, ఆ తర్వాతి పేజీలో.

"ఇది ఎప్పుడు తెరుస్తారు?"

"బాబుకు 21 నిండాక, మామయ్యగారూ."

"అప్పటికి నాకు తొంభై ఒకటి. వీసా చూస్తే ఆరు నెలలే." గిన్నెలో బుడగలను కాసేపు చూశారు. "ఆ రెండోసారి తీసిన పలచటిది ఉంది కదా, అది ఎప్పటికి తయారవుతుంది?"